మోడల్ రాకెట్రీ: అనుభవజ్ఞులకు అసలు పరీక్ష ఎక్కడ మొదలవుతుంది?

మోడల్ రాకెట్ మోటార్లను అక్షరాలతో విభజిస్తారు. ఒక్కో అక్షరం పైకెక్కేకొద్దీ మోటారు ఇవ్వగలిగే మొత్తం ఇంపల్స్ (తోపు బలాన్ని అది పనిచేసిన సమయంతో గుణిస్తే వచ్చేది) హద్దు రెట్టింపవుతూ పోతుంది. సి తరగతి మోటారు హద్దు 10 న్యూటన్ సెకన్లు. జి తరగతిది 160. ఎం తరగతికి వచ్చేసరికి అది 10,240. అమెరికాలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, ట్రిపోలీ రాకెట్రీ అసోసియేషన్ ఇచ్చే సర్టిఫికేషన్లు కూడా ఈ మెట్ల మీదే నడుస్తాయి. హెచ్, ఐ మోటార్లకు మొదటి లెవెల్, జె, కె, ఎల్ మోటార్లకు రెండో లెవెల్, ఎం నుంచి పైకి మూడో లెవెల్. అందుకే కొంత అనుభవం వచ్చినవాళ్లు తర్వాతి ప్రాజెక్టు అనగానే తర్వాతి అక్షరం వైపు చూస్తారు.

అలా చూడటం సహజమే. కానీ అదే డిజైన్‌ను కాస్త పెంచి, పెద్ద మోటారు పెట్టి ఎగరేస్తే ఖర్చూ చప్పుడూ పెరుగుతాయి తప్ప కొత్తగా నేర్చుకునేది తక్కువ. ప్రాజెక్టు ఎంత కష్టమైనదో తేల్చే కొలత ఇంకొకటి ఉంది. పైకి దారి చూపే లాంచ్ రెయిల్ వదిలాక రాకెట్ మనిషి సాయం లేకుండా తనంతట తాను వరసగా ఎన్ని పనులు చేసుకోవాలి అన్నదే ఆ కొలత. చిన్న రాకెట్‌లో అలాంటి పని ఒక్కటే. మోటారు ఆగిపోయాక లోపలి డిలే మందు నిదానంగా కాలుతుంది, చివర్లో ఎజెక్షన్ చార్జ్ అనే కొద్దిపాటి మందు పేలి పారాచూట్‌ను బయటికి తోస్తుంది. రెండు స్టేజీల రాకెట్‌లో అయిదారు పనులు ఒకదాని వెనక ఒకటి జరగాలి. ఒక్కో పని 100లో 95 సార్లు సరిగ్గా జరుగుతుందనుకుందాం. అలాంటివి 5 వరసగా ఉంటే ఫ్లైట్ మొత్తం సజావుగా సాగే అవకాశం 77 శాతం. 8 ఉంటే 66 శాతం. అంటే ప్రతి పనీ విడిగా చూస్తే బాగానే ఉన్నా, మూడు ఫ్లైట్లలో ఒకటి పాడవుతుంది.

ఈ లెక్క మనసులో పెట్టుకుంటే ప్రాజెక్టు ఎంచుకునే పద్ధతే మారుతుంది. ఒక్కో రాకెట్‌లో కొత్త పని ఒక్కటే జోడించడం, దాన్ని నేల మీద వీలైనంత పరీక్షించడం, తేడా వస్తే ఎందుకు వచ్చిందో చెప్పగల డేటా దొరికేలా చూసుకోవడం ముఖ్యమవుతాయి. కింద చెప్పిన ప్రాజెక్టులన్నిటినీ ఈ కోణం నుంచే చూడాలి.

ముందు డ్యుయల్ డిప్లాయ్‌మెంట్

రాకెట్ 1,500 మీటర్ల ఎత్తులో పెద్ద పారాచూట్ విప్పి, సెకనుకు 6 మీటర్ల వేగంతో దిగిందనుకుందాం. నేల చేరడానికి 250 సెకన్లు పడుతుంది. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తుంటే రాకెట్ 1,250 మీటర్ల దూరం కొట్టుకుపోతుంది. అదే రాకెట్ శిఖరం దగ్గర చిన్న డ్రోగ్ పారాచూట్ మాత్రమే తెరిచి సెకనుకు 25 మీటర్లతో 200 మీటర్ల ఎత్తు దాకా దిగి, అక్కడ పెద్దది తెరిస్తే మొత్తం 85 సెకన్లలో నేల మీదుంటుంది. గాలికి పోయే దూరం 425 మీటర్లు. అదే గాలి, అదే ఎత్తు, వెతకాల్సిన దూరం మాత్రం మూడో వంతుకు తగ్గింది. డ్యుయల్ డిప్లాయ్‌మెంట్ చేసే మేలు ఇది. ఇకపై చెప్పుకోబోయే ప్రాజెక్టుల్లో చాలావాటికి ఇదే పునాది కాబట్టి దీన్ని కళ్లు మూసుకుని చేయగలిగేదాకా మిగతావాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పని చేయించేది గాలి పీడనంతో ఎత్తు కొలిచే ఆల్టిమీటర్. భూమికి దగ్గర్లో ఒక్కో మీటరు పైకెళ్తే గాలి పీడనం సుమారు 12 పాస్కల్ తగ్గుతుంది. ఎంఎస్5611 లాంటి చిన్న సెన్సర్ అరచేతి వెడల్పంత ఎత్తు తేడాను కూడా పట్టేస్తుంది. కాబట్టి సెన్సర్ సామర్థ్యంతో ఇబ్బంది లేదు. అసలు చిక్కంతా ఆ సెన్సర్‌కు బయటి గాలి సరిగ్గా అందుతుందా అన్న దగ్గర ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ ఉండే గదికి పెట్టే రంధ్రాలు మరీ చిన్నవైతే లోపలి పీడనం బయటి పీడనం కంటే వెనకబడుతుంది, ఆల్టిమీటర్ శిఖరాన్ని ఆలస్యంగా గుర్తిస్తుంది. ఒకే వైపు ఒకే రంధ్రం పెడితే పక్కగాలి దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. అందుకే చుట్టూ సమాన దూరంలో మూడో నాలుగో రంధ్రాలు పెడతారు. ముక్కు భాగం ముగిసిన వెంటనే ఉన్న చోటా, స్క్రూ తల లాంటివి పైకి పొడుచుకొచ్చిన చోటికి వెనకాలా గాలి ప్రవాహం చెదిరి ఉంటుంది కాబట్టి అక్కడ రంధ్రాలు పెట్టరు. డ్రిల్ చేశాక అంచున మిగిలే పొట్టును కూడా సాఫీ చేయాలి.

చాలామంది గమనించని ఇంకో విషయం ఉంది. ఎలక్ట్రానిక్స్ గది నుంచి ఎజెక్షన్ చార్జ్ దగ్గరికి వైరు వెళ్లే రంధ్రాన్ని సరిగ్గా మూయకపోతే, డ్రోగ్ చార్జ్ పేలినప్పుడు ఆ వేడి వాయువు గదిలోకి చొరబడుతుంది. లోపల పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. పీడనం పెరగడం అంటే ఆల్టిమీటర్ దృష్టిలో ఎత్తు తగ్గడమే. ఇంకేముంది, కిందికి వచ్చేశాం అనుకుని పెద్ద పారాచూట్‌ను శిఖరం దగ్గరే విప్పేసే ప్రమాదం ఉంటుంది. ధ్వని వేగం దాటే రాకెట్లలో షాక్ తరంగం రంధ్రాల మీదుగా జరిగినప్పుడూ ఇలాంటి గందరగోళమే వస్తుంది. అందుకే కొన్ని ఆల్టిమీటర్లలో మోటారు మండిన తర్వాత కొన్ని సెకన్ల దాకా పీడనం కొలిచే బారోమీటర్ మాట వినకుండా సెట్ చేసుకునే వీలుంటుంది. మరికొన్ని త్వరణం కొలిచే యాక్సెలరోమీటర్‌తో సరిచూసుకుంటాయి.

డ్రోగ్ తెరుచుకున్నప్పటి కుదుపుకు ముక్కు భాగం ఊడిపోయి పెద్ద పారాచూట్ కూడా బయటపడకుండా నైలాన్ స్క్రూలు బిగిస్తారు. వీటినే షీర్ పిన్‌లంటారు. వాటి సంఖ్యను ఊహించి పెట్టడం కంటే లెక్క వేసుకోవడం తేలిక. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ట్యూబులో 70 కిలోపాస్కల్ పీడనం పుడితే మూత మీద పడే బలం సుమారు 550 న్యూటన్లు. 5 సెంటీమీటర్ల ట్యూబులో అదే పీడనం 137 న్యూటన్లే ఇస్తుంది. కాబట్టి లావు రాకెట్‌లో సరిపోయిన పిన్‌ల లెక్కను సన్న రాకెట్‌కు తెచ్చి పెడితే అవి తెగకుండా ఉండిపోవచ్చు. రెండో వైపు కూడా చూడాలి. కిలో బరువున్న ముక్కు భాగం 30 జీల (గురుత్వాకర్షణకు 30 రెట్లు) కుదుపుకు గురైతే సుమారు 300 న్యూటన్ల బలంతో ముందుకు లాగుతుంది. పిన్‌లు ఆ లాగుడును తట్టుకోవాలి, చార్జ్ తోపుకు తెగాలి. ఈ రెండు సంఖ్యల మధ్యే డిజైన్ ఉంటుంది.

మూసి ఉన్న ట్యూబులో నేల మీది గాలి అలాగే ఉండిపోతే ఇంకో ముప్పు. 5,000 మీటర్ల ఎత్తులో బయటి పీడనం సుమారు 54 కిలోపాస్కల్ మాత్రమే. లోపల 101 ఉంటుంది. ఆ తేడా ఒక్కటే రాకెట్‌ను మధ్యలో విడదీయగలదు. ప్రతి పారాచూట్ గదికీ చిన్న రంధ్రం పెట్టడం వెనక ఉన్న కారణం అదే.

ఇక రిడండెన్సీ, అంటే ఒకటి చెడితే ఇంకోటి ఆదుకునే ఏర్పాటు. మూడో లెవెల్ సర్టిఫికేషన్‌కు పారాచూట్లు విప్పడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఎలక్ట్రానిక్ వ్యవస్థలు ఉండాలి. ఒక్కోటి 100లో 5 సార్లు ఫెయిలవుతుందనుకుంటే, రెండూ ఒకేసారి ఫెయిలయ్యే అవకాశం 400లో ఒక్కసారే. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. కానీ రెండు ఆల్టిమీటర్లూ ఒకే బ్యాటరీ మీదో, ఒకే స్విచ్ మీదో నడుస్తుంటే ఆ లెక్క చెల్లదు. బ్యాటరీ, స్విచ్, మంట పెట్టే ఇగ్నైటర్, చార్జ్ అన్నీ వేర్వేరుగా ఉన్నా, రెండు ట్యూబులను కలిపే కప్లర్ బిగుసుకుపోతే దాన్నీ చిక్కుపడ్డ పారాచూట్ తాళ్లనూ రెండో ఆల్టిమీటర్ బాగుచేయలేదు. అందుకే గ్రౌండ్ టెస్ట్‌కు ప్రత్యామ్నాయం లేదు. ఎగరబోయే పారాచూట్‌నే, ఎగరబోయే రోజు ఎలా మడుస్తారో అలాగే మడిచి, అవే పిన్‌లు బిగించి, దూరం నుంచి చార్జ్ పేల్చి చూడాలి. ఖాళీ ట్యూబుతో చేసిన టెస్ట్ ధైర్యం ఇస్తుంది గానీ సమాచారం ఇవ్వదు.

సన్నని ట్యూబు, విపరీతమైన వేగం

మోటారు కేసింగ్ పట్టేంత వ్యాసం మాత్రమే ఉన్న రాకెట్లను మినిమమ్ డయామీటర్ రాకెట్లంటారు. గాలి నిరోధం బాగా తగ్గుతుంది కాబట్టి ఓ మాదిరి మోటారుతోనే ధ్వని వేగం దాటేస్తాయి. ఇక్కడ కొత్తగా చేరే పని ఏమీ లేదు. కొత్తగా ఎదురయ్యేది నిర్మాణానికి పరీక్ష.

మామూలు రాకెట్‌లో ఫిన్ (తోక దగ్గరి రెక్క) ట్యూబు గోడలోంచి లోపలికి వెళ్లి మోటారు గొట్టానికి అతుక్కుంటుంది. ఇక్కడ లోపల చోటు ఉండదు, ఫిన్‌ను ట్యూబు పైనే అతికించాలి. అప్పుడు ఫ్లటర్ బెడద మొదలవుతుంది. ఒక వేగం దాటాక ఫిన్ వంగడమూ మెలితిరగడమూ ఒకదానికొకటి ఎగదోసుకుని, క్షణాల్లో ఫిన్ విరిగిపోతుంది. 1958లో నాసాకు ముందున్న అమెరికా సంస్థ నాకా ప్రచురించిన 4197వ సాంకేతిక పత్రంలోని సూత్రాన్ని హాబీయిస్టులు నేటికీ వాడుతున్నారు. దాని ప్రకారం మందానికీ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి మీద ఫ్లటర్ వేగం ఒకటిన్నర ఘాతంతో ఆధారపడుతుంది. అంటే ఫిన్ మందం రెట్టింపు చేస్తే ఫ్లటర్ వేగం 2.8 రెట్లవుతుంది. ఫిన్ పొడవు తగ్గించినా బాగా లాభం ఉంటుంది. ఒక ఫిన్ కొన నుంచి ట్యూబు మీదుగా పక్క ఫిన్ కొన దాకా కార్బన్ గుడ్డ, ఎపాక్సీ పరిచే పద్ధతి అందుకే పుట్టింది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఫ్లటర్ వేగం పెరుగుతుంది కాబట్టి, నేలకు దగ్గర్లోనే గరిష్ఠ వేగం అందుకునే పొట్టి, ఉగ్రమైన మోటార్లే ఎక్కువ ప్రమాదకరం. అంతే ఇంపల్స్ ఉన్న నిదానపు మోటారు ఫిన్లను కాపాడుతుంది, తరచుగా రాకెట్‌ను ఇంకా ఎత్తుకు కూడా చేరుస్తుంది.

వేడి సంగతి మరోటి. గాలి ఉష్ణోగ్రత 15 డిగ్రీలున్నప్పుడు మాక్ 2 (ధ్వని వేగానికి రెట్టింపు) వేగంలో ముక్కు కొన దగ్గర ఆగిపోయే గాలి సుమారు 245 డిగ్రీలకు చేరుతుంది. మాక్ 3 దగ్గర అది 530 డిగ్రీలు. ఆ వేగం కొద్ది సెకన్లే ఉంటుంది కాబట్టి గోడ మొత్తం అంత వేడెక్కదు. కానీ పలచని ఫిన్ అంచులూ ముక్కు మొనా త్వరగా వేడెక్కుతాయి. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే మామూలు ఎపాక్సీలు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడతాయి. అందుకని వేడిని తట్టుకునే ఎపాక్సీ వాడి, తర్వాత ఓవెన్‌లో వేడిచేసి ఇంకా గట్టిపరుస్తారు, దీన్నే పోస్ట్ క్యూర్ అంటారు. ముక్కు మొనకు లోహం వాడతారు.

స్థిరత్వం లెక్క కూడా మారుతుంది. జేమ్స్ బారోమన్ 1966లో హాబీకి అందించిన పీడన కేంద్రం (గాలి బలమంతా పనిచేస్తున్నట్టు తీసుకునే బిందువు) లెక్క ధ్వని వేగం కంటే తక్కువ వేగాలకు ఉద్దేశించినది. ధ్వని వేగం దాటాక మాక్ సంఖ్య పెరిగేకొద్దీ ఫిన్ల పట్టు తగ్గి పీడన కేంద్రం ముందుకు జరుగుతుంది. ప్యాడ్ మీద వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉన్న స్థిరత్వ మార్జిన్ (గురుత్వ కేంద్రానికీ పీడన కేంద్రానికీ మధ్య దూరం) మాక్ 2 దగ్గర ఎంత మిగులుతుందో విడిగా చూసుకోవాలి. అలాంటి లెక్కలకు ఓపెన్‌రాకెట్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆర్‌ఏఎస్‌ఏరో కూడా వాడటం మంచిది.

కార్బన్ ఫైబర్ రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కాబట్టి ట్రాకర్ ఉండే ముక్కు భాగం ఫైబర్‌గ్లాస్‌తోనే ఉండాలి. చాలా మామూలు జీపీఎస్ రిసీవర్లు ఎగుమతి ఆంక్షల మూలంగా 18 కిలోమీటర్ల ఎత్తు, సెకనుకు 515 మీటర్ల వేగం అనే హద్దుల దగ్గర పనిచేయడం మానేస్తాయి. దిగేటప్పుడు మళ్లీ అందుకుంటాయి గానీ, శిఖరం ఎత్తును వాటి నుంచి ఆశించకూడదు.

ఈ దారి చివరిదాకా వెళ్లినవాళ్లు అంతరిక్షాన్నే తాకారు. సివిలియన్ స్పేస్ ఎక్స్‌ప్లొరేషన్ టీమ్ 2004 మే 17న నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారి నుంచి పంపిన గోఫాస్ట్ రాకెట్ సుమారు 115 కిలోమీటర్లకు చేరింది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థుల ట్రావెలర్ 4 రాకెట్ 2019 ఏప్రిల్‌లో సుమారు 103 కిలోమీటర్లు, ఆఫ్టర్‌షాక్ 2 రాకెట్ 2024 అక్టోబరులో సుమారు 143 కిలోమీటర్ల ఎత్తు అందుకున్నాయి. అంత ఎత్తులో మామూలు ఎజెక్షన్ చార్జ్ మీద ఆధారపడలేరు. పలచటి గాలిలో బ్లాక్ పౌడర్ ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకు వేడి సరిగ్గా అందక సగం కాలకుండానే చెదిరిపోతుంది. 6,000 మీటర్లు దాటే ప్రాజెక్టుల్లోనే దీని గురించి ఆలోచించడం మొదలవుతుంది. చార్జ్‌ను గాలి చొరబడని గట్టి గొట్టంలో బంధించడం, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో ట్యూబును తెరవడం వాడుకలో ఉన్న రెండు పరిష్కారాలు.

రెండో స్టేజీ: ఎప్పుడు మండాలి, ఎప్పుడు మండకూడదు

చిన్న బ్లాక్ పౌడర్ మోటార్లలో స్టేజింగ్ తేలిక. కింది మోటారులో డిలే ఉండదు, అది కాలి అయిపోగానే మంట నేరుగా పై మోటారును అంటిస్తుంది. రబ్బరు లాంటి ఇంధనం నింపిన కాంపోజిట్ మోటార్లు అలా నమ్మకంగా అంటుకోవు. పై మోటారు గ్రెయిన్ (ఇంధన దిమ్మ) మధ్యలోకి ఇగ్నైటర్ పంపి, రాకెట్‌లోని కంప్యూటర్‌తో మండించాలి. అప్పుడు ఎప్పుడు అన్న ప్రశ్న వస్తుంది.

కింది స్టేజీ ఆగిపోయిన క్షణంలో వేగం ఎక్కువ, గాలి చిక్కగా ఉంటుంది. నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వెంటనే రెండో మోటారు మండిస్తే దాని శక్తిలో పెద్ద వాటా గాలిని చీల్చడానికే పోతుంది. కాసేపు ఆగితే రాకెట్ పలచటి గాలిలోకి చేరుతుంది. మరీ ఎక్కువ ఆగితే వేగం పడిపోయి రాకెట్ పక్కకు వాలుతుంది. ఆ వాలుతోనే అసలు ప్రమాదం. రెండో మోటారు రాకెట్‌ను తన దిశలో 3,000 మీటర్లు తీసుకెళ్లగలదనుకుందాం. 20 డిగ్రీలు వాలి ఉండగా మండితే అందులో 1,000 మీటర్లు అడ్డంగా పోతుంది. 45 డిగ్రీలైతే 2,100 మీటర్లు. గురుత్వాకర్షణ ఆ వాలును ఇంకా పెంచుతుంది గానీ తగ్గించదు.

కాబట్టి కంప్యూటర్‌కు మండించే సమయం చెప్పడం కంటే మండించకూడని పరిస్థితులు చెప్పడం ముఖ్యం. తిరిగే వేగాన్ని పట్టే జైరో సెన్సర్లతో వాలు కొలిచి, 20 డిగ్రీల లాంటి హద్దు దాటితే ఇగ్నైటర్‌కు కరెంటు ఇవ్వకుండా ఆపేస్తారు. ఫలానా సెకనుకు ఫలానా ఎత్తు చేరకపోయినా అంతే. కింది స్టేజీ అనుకున్నట్టు పనిచేయలేదని దానర్థం. పెద్ద కాంపోజిట్ మోటారు కరెంటు అందిన క్షణంలోనే పూర్తి థ్రస్ట్ (తోపు బలం) ఇవ్వదు, లోపల పీడనం పుంజుకోవడానికి సమయం పడుతుంది. ఆ ఆలస్యంలో రాకెట్ ఇంకొంచెం వాలుతుందని కూడా హద్దు పెట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోవాలి.

ఆపేయడంతో కథ అయిపోదు. మండని మోటారుతో, పూర్తి ఇంధనం బరువుతో, అనుకున్నదానికంటే తక్కువ ఎత్తు నుంచి ఆ రాకెట్ కిందికి రావాలి. ఖాళీ మోటారు బరువుకు సరిపోయేలా ఎంచుకున్న పారాచూట్ ఆ బరువును నెమ్మదిగా దించలేదు. కుదుపుకు తాడు తెగవచ్చు. మంచి రెండు స్టేజీల డిజైన్‌ను గుర్తుపట్టాలంటే చూడాల్సింది ఇక్కడే. రెండో మోటారు మండకపోతే ఏం జరుగుతుందో డిజైనర్ లెక్కలతో సహా చెప్పగలగాలి. స్థిరత్వం కూడా రెండు సార్లు లెక్కించాలి, రెండు స్టేజీలూ కలిసి ఉన్నప్పుడు ఒకసారి, పై స్టేజీ ఒంటరిగా ఉన్నప్పుడు ఇంకోసారి. రెంటి మధ్య కప్లర్ ఇరువైపులా కనీసం ట్యూబు వ్యాసమంత లోపలికి వెళ్లకపోతే జాయింటు దగ్గర రాకెట్ వంగుతుంది. ఇగ్నైటర్‌ను ఆర్మ్ చేయడం (మండించడానికి సిద్ధం చేయడం) రాకెట్ రెయిల్ మీద నిటారుగా నిలబడ్డాకే, చివరి పనిగా జరగాలి. ఈ ఎత్తుల్లో ఎగరేయడానికి ఏ దేశంలోనైనా గగనతల అధికారుల ముందస్తు అనుమతి కావాలి కాబట్టి, ఎంత పక్కకు పోవచ్చన్న లెక్క కాగితం మీద ఉండటం అనుమతి పనికీ ఉపయోగపడుతుంది.

క్లస్టర్ల గురించి, అంటే ఒకేసారి మండే మోటార్ల గుంపుల గురించి, ఎక్కువ చెప్పనక్కర్లేదు. నాలుగు మోటార్లలో ఒకటి అంటుకోకపోతే థ్రస్ట్ పక్కకు లాగుతుంది. త్వరగా, ఒకేలా అంటుకునే ఇగ్నైటర్లను సమాంతరంగా కలిపి, సరిపడా కరెంటు ఇచ్చే బ్యాటరీ వాడటం, మోటార్లను మధ్య గీతకు వీలైనంత దగ్గరగా పెట్టడం ఇందులో కీలకం. క్లస్టర్‌లో ఒక మోటారు మండకపోయినా రాకెట్ సురక్షితంగా ఎగరగలదా అన్నది సిమ్యులేషన్‌లో ముందే చూడాలి.

ఫిన్లు లేని రాకెట్

థ్రస్ట్ వెక్టర్ కంట్రోల్, అంటే తోపు దిశను మార్చి రాకెట్‌ను నిలబెట్టడం, వేరే దారి. ఇంతదాకా చెప్పుకున్న రాకెట్లను నిటారుగా ఉంచేది ఫిన్ల మీద పనిచేసే గాలి. ఫిన్లు పట్టు సాధించాలంటే వేగం కావాలి. అందుకే బరువుకు 5 రెట్ల థ్రస్ట్, రెయిల్ వదిలేటప్పటికి సెకనుకు సుమారు 15 మీటర్ల వేగం ఉండాలన్న నియమం వాడుకలో ఉంది. ఫిన్లు తీసేసి మోటారునే అటూ ఇటూ వంగే గింబల్ చట్రంలో బిగించి, సర్వోలనే రెండు చిన్న విద్యుత్ మోటార్లతో కొన్ని డిగ్రీలు వంచితే, రాకెట్ చాలా నిదానంగా లేస్తూ కూడా నిటారుగా నిలబడగలదు. 2015లో బీపీఎస్.స్పేస్ అనే రాకెట్ ప్రాజెక్టును ప్రారంభించిన జో బర్నార్డ్ ఈ పద్ధతిని హాబీయిస్టులకు దగ్గర చేశారు. 2022లో ఆయన ఘన ఇంధన మోటారు థ్రస్ట్‌తోనే ఒక మోడల్‌ను నిలువుగా నేలకు దించారు.

అంకెలు చూస్తే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. కిలో బరువు, 80 సెంటీమీటర్ల పొడవు ఉన్న రాకెట్‌కు 15 న్యూటన్ల థ్రస్ట్ ఉందనుకుందాం. గింబల్ గురుత్వ కేంద్రానికి 30 సెంటీమీటర్ల కింద ఉంది. మోటారును 5 డిగ్రీలు వంచితే పక్కకు నెట్టే బలం 1.3 న్యూటన్లు. చూడటానికి స్వల్పమే. కానీ ఆ బలం రాకెట్‌ను సెకనుకు సెకనుకు సుమారు 420 డిగ్రీల త్వరణంతో తిప్పుతుంది. సర్వో కదలడంలో సెకనులో పదో వంతు ఆలస్యమైతే, ఆ కాస్త సమయంలోనే రాకెట్ సెకనుకు 42 డిగ్రీల వేగంతో తిరగడం మొదలుపెడుతుంది. కంట్రోలర్ దిద్దుబాటు కాస్త ఎక్కువైతే రాకెట్ ఊగడం మొదలై, ఆ ఊగు పెరుగుతూ పోతుంది. తక్కువైతే గాలివాటానికి వాలిపోతుంది. పైగా ఘన ఇంధన మోటారు థ్రస్ట్ స్థిరంగా ఉండదు, మొదట్లో ఒక్కసారిగా లేచి తర్వాత తగ్గుతుంది. కాబట్టి దిద్దుబాటు కూడా థ్రస్ట్‌ను బట్టి మారాలి.

ఇందులో కొత్తవాళ్లను బాగా తికమకపెట్టేది యాక్సెలరోమీటర్. బల్ల మీద ఉన్నప్పుడు అది కిందికి ఎటో చక్కగా చెబుతుంది. ఎగిరాక చెప్పలేదు. గాల్లో అది కొలిచేది మోటారు తోపునూ గాలి నిరోధాన్నీ మాత్రమే, గురుత్వాకర్షణ దానికి తెలియదు. అందుకే దిశ తెలుసుకోవడానికి జైరో రీడింగులను కూడుకుంటూ వెళ్లాలి. కోణాలను నేరుగా కూడితే కొన్ని స్థితుల్లో లెక్క చిక్కుబడుతుంది కాబట్టి దిశను నాలుగు అంకెలతో చెప్పే క్వాటర్నియన్లు వాడతారు. ఫ్లైట్ కొద్ది సెకన్లే కావడం వల్ల జైరో డ్రిఫ్ట్ పెద్ద తలనొప్పి కాదు. ఒకే గింబల్ రాకెట్‌ను తన చుట్టూ తాను తిరగకుండా ఆపలేదు. దానికి రియాక్షన్ వీల్ (ఎదురు దిశలో తిప్పే చక్రం) లాంటిది పెట్టాలి, లేదా తిరుగుతున్నంత మేరకు సర్వోల ఆదేశాలను మార్చి పంపాలి.

ఎగరేసే ముందు చేయాల్సిన పరీక్షల్లో చాలా సులువైనదీ చాలా విలువైనదీ ఒకటుంది. రాకెట్‌ను చేత్తో పట్టుకుని ఒక వైపు వంచి, మోటారు ఎటు కదిలిందో చూడటం. కోడ్‌లో ఒక్క మైనస్ గుర్తు తారుమారైతే కంట్రోలర్ వాలును సరిదిద్దే బదులు పెంచుతుంది. రెండు అక్షాల మీదా, రాకెట్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ, చూసుకోవాలి. ఇదంతా రాకెట్‌ను నిటారుగా నిలబెట్టడం కోసమే. ఏ లక్ష్యం వైపూ రాకెట్ వదలకూడదన్నది హాబీ సేఫ్టీ కోడ్‌లో ఉన్న నియమం.

ఎత్తూ వేగమూ మాత్రమే పై మెట్టు అనుకోనక్కర్లేదు. అంతర్జాతీయ ఏరోనాటిక్స్ సమాఖ్య ఎఫ్ఏఐ పోటీల్లో ఎస్8 తరగతిలో చిన్న మోటారుతో పైకి లేచి రేడియో కంట్రోల్‌తో దిగే గ్లైడర్లు తయారుచేయడానికి కావాల్సిన నేర్పు ఎం మోటారు రాకెట్‌కు తీసిపోదు. ఇక నిజమైన రాకెట్లకు నమూనాలు కట్టేవాళ్లలో స్టీవ్ ఈవ్స్ చేసిన పని చెప్పుకోదగ్గది. 2009 ఏప్రిల్ 25న అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఆయన చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్ 5 రాకెట్‌కు పదో వంతు నమూనాను ఎగరేశారు. దాదాపు 11 మీటర్ల ఎత్తు, సుమారు 750 కిలోల బరువు ఉన్న ఆ రాకెట్ 1,300 మీటర్లు దాటి, పారాచూట్లతో క్షేమంగా దిగింది. నమూనాల్లో చిక్కు ఏంటంటే, అసలు రాకెట్‌ను గింబల్ ఇంజిన్లు నిలబెడతాయి కాబట్టి దానికి ఫిన్లు చిన్నవి. అదే కొలతలతో నమూనా చేస్తే స్థిరత్వం చాలదు. ముక్కులో బరువు పెట్టాలి, లేదా కనబడని పారదర్శక ఫిన్లు జోడించాలి.

కొలవడమే ప్రాజెక్టుగా

చాలామంది పక్కన పెట్టేసే ప్రాజెక్టు ఇది. నిజానికి అన్నిటికంటే ముందు చేయాల్సింది. సిమ్యులేషన్ 1,200 మీటర్లు చెప్పింది, ఆల్టిమీటర్ 1,050 చూపింది. ఆ తేడా ఎక్కడిది? సాధారణంగా అనుమానం డ్రాగ్ కోఎఫిషియెంట్ (గాలి నిరోధాన్ని సూచించే సంఖ్య) మీదికి వెళ్తుంది. దాన్ని ఫ్లైట్ డేటా నుంచే నేరుగా తీయవచ్చు. యాక్సెలరోమీటర్ గురుత్వాకర్షణను చూడలేదని పైన చెప్పుకున్న లోపమే ఇక్కడ అక్కరకొస్తుంది. మోటారు ఆగాక, పారాచూట్ తెరుచుకునే ముందు, రాకెట్ ఊరికే పైకి సాగుతున్నప్పుడు అది చూపేది అచ్చంగా గాలి నిరోధం వల్ల కలిగే త్వరణమే.

54 మిల్లీమీటర్ల వ్యాసం, ఇంధనం కాలిపోయాక ఒకటిన్నర కిలో బరువు ఉన్న రాకెట్ తీసుకుందాం. వేగం సెకనుకు 150 మీటర్లున్న క్షణంలో లాగ్‌లో త్వరణం సెకనుకు సెకనుకు 9.4 మీటర్లు అని ఉంది. ద్రవ్యరాశితో గుణిస్తే నిరోధ బలం 14.1 న్యూటన్లు. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.1 కిలోలనుకుంటే, సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతోనూ రాకెట్ అడ్డుకోత వైశాల్యంతోనూ గుణించగా వచ్చేది 28.3 న్యూటన్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.5. ఇదే లెక్క 150 నుంచి 60 మీటర్ల వేగం దాకా పది చోట్ల చేస్తే ఒక గీత వస్తుంది. సిమ్యులేషన్‌లో 0.4 ఉండి ఉంటే ఎత్తులో తేడాకు కారణం దొరికినట్టే. అంకె సరిపోయినా ఎత్తు తగ్గిందంటే రాకెట్ వాలి ఎగిరి ఉండాలి, లేదా మోటారు తక్కువ ఇంపల్స్ ఇచ్చి ఉండాలి. మండుతున్నప్పటి త్వరణాన్ని కాలంతో కూడి చూస్తే ఆ రెండోది కూడా తేలిపోతుంది.

సొంత రాకెట్ నుంచి తీసిన ఈ సంఖ్యతోనే రెండో స్టేజీ ఎన్ని సెకన్లు ఆగాలో, బారోమీటర్‌ను ఎంతసేపు పట్టించుకోకూడదో, బ్యాకప్ టైమర్ ఎక్కడ పెట్టాలో లెక్కించాలి. సాఫ్ట్‌వేర్ సొంతంగా ఊహించిన సంఖ్య మీద ఆధారపడి ఆ సెకన్లు నిర్ణయించడం మంచిది కాదు. ఆ తర్వాత ఫిన్ల అంచులు గుండ్రంగా తీర్చి, పెయింటును సన్నటి ఉప్పుకాగితంతో నునుపు చేసి, అదే రాకెట్‌ను అలాంటి మోటారుతోనే మళ్లీ ఎగరేసి, 0.5 ఎంతకు దిగిందో చూడవచ్చు.